నెమలి కంటి కింది దీపం

మీరా సాహెబ్ లాప్‌టాప్‌ను బోర్లా తిప్పి, అడుగున ఉన్న స్క్రూలు ఒక్కొక్కటే విప్పి, సుబ్బరత్నం ఇచ్చిన ఉప్పు డబ్బా మూతలో వేశాడు. పక్కన నిలబడిన బ్రహ్మానందం వాటిని లెక్కపెట్టుకున్నాడు. పదకొండు. విప్పినవన్నీ మళ్లీ ఎక్కాయో లేదో చూసుకోవడం ఆయనకు పని నేర్పిన అలవాటు. ముప్పై ఆరేళ్లుగా పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ లైటింగ్ కడుతున్నాడు.

ఆ లాప్‌టాప్ కార్తీకమాసంలో ఆగిపోయింది. నరసరావుపేటలో మీరా సాహెబ్ షాపుకు తీసుకెళితే బోర్డు కాలిపోయిందనీ, ఇంత పాతదానికి కొత్త బోర్డు వేయించడం దండగనీ చెప్పాడు. లోపలి హార్డ్ డిస్కు మాత్రం బాగానే ఉండొచ్చన్నాడు. ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్‌లో దాన్ని పెడితే అందులోవన్నీ బయటికొస్తాయి, పైగా ఇంకో నాలుగేళ్లు వాడుకోవచ్చు. బ్రహ్మానందం అప్పుడు వద్దన్నాడు. డిస్కులో ఏముందో ఆయనకు తెలుసు. అందులో నెమలి ఉంది. దాన్ని మళ్లీ చూడాలని ఆయనకు లేదు.

పుష్యమాసం చివర్లో ఊరి ప్రభ కమిటీ కబురు చేసింది. ఈ శివరాత్రికి గుంటపాలెం ప్రభ మీద మళ్లీ ఆయనే లైటింగ్ కట్టాలి. అదే నెమలి కావాలి. నెమలిని మొదటి నుంచి గీయాలంటే రెండు నెలలు పడుతుంది. శివరాత్రికి నాలుగు వారాలు కూడా లేవు. అందుకని మీరా సాహెబ్‌ను ఇంటికి పిలిపించాడు.

గుంటపాలెం నుంచి కోటప్పకొండ పన్నెండు కిలోమీటర్లు. శివరాత్రి మధ్యాహ్నం ఊరంతా కలిసి ప్రభను కొండ కిందికి తీసుకెళుతుంది. ఎనభై అడుగుల ఎత్తున వెదురు గెడలతో కట్టి, గుడ్డ చుట్టి, ముందువైపంతా దీపాలు బిగిస్తారు. వెనక ట్రాక్టరు మీద జనరేటరు. కొండ కింద ఇరవై ఊళ్ల ప్రభలు వరసగా నిలబడతాయి. ఏ ఊరి ప్రభ ఎట్లా ఉందన్న మాట మళ్లీ శివరాత్రి దాకా ఆ ఊరి వెంట ఉంటుంది. పంచాయతీ ఎన్నికల్లో కూడా ఎత్తుతారు.

బ్రహ్మానందం పదహారో ఏట ప్రభ వెనక వైర్లు మోయడంతో మొదలుపెట్టాడు. అప్పట్లో దీపాలు పరిగెత్తాలంటే రోలర్ ఉండేది. చెక్క పీపా మీద రాగి రేకులు కొట్టి, దాన్ని మోటారుతో తిప్పేవారు. పీపా తిరిగేకొద్దీ ఒక్కో రేకు ఒక్కో వైరుకు తగిలి ఒక్కో వరస బల్బులు వెలిగేవి. ఏ రేకు ఎంత పొడుగుండాలో, రెండింటి మధ్య ఎంత ఎడం ఉండాలో తెలిస్తే చక్రం తిప్పవచ్చు, జలపాతం దూకించవచ్చు. ఇరవై ఆరో ఏటికి ఊరి ప్రభ మొత్తం ఆయన చేతికొచ్చింది. జనం ముందు నుంచి ప్రభను చూసి, వెనక్కి వచ్చి ఆయన రోలర్‌ను కూడా చూసి పోయేవాళ్లు.

ఆ రోజుల్లో తల్లి పిచ్చమ్మ ప్రభ లేపే ముందు వచ్చి, ఏదో ఒక బల్బుకు కాటుక పూసేది. ఇంత ఎత్తున ఇన్ని వేల కళ్లు పడతాయి, దిష్టి తగలకూడదనేది. పెట్టినట్టు ఎవరికీ చెప్పకూడదనీ, చెబితే పనిచేయదనీ కూడా అనేది. ఆమె పోయాక బ్రహ్మానందం ఆ పని తాను చేశాడు. తర్వాత చిన్న చిన్న పిక్సెల్ లైట్లు వచ్చాయి. కంప్యూటర్‌లో బొమ్మ గీసి, మెమరీ కార్డులోకి ఎక్కించి, కంట్రోలర్‌కు తగిలిస్తే వేల దీపాలు చెప్పినట్టు వింటాయి. రోలర్ వసారాలో మూలకు చేరింది. కాటుక పూయడానికి బల్బు లేదు. ఆయన మాత్రం ప్రతి బొమ్మలోనూ ఒక్క దీపాన్ని ఆర్పి ఉంచేవాడు. కమిటీవాళ్లు ఒకటి వెలగడం లేదే అంటే, అంతెత్తున ఒకటి పోతే ఎవరికి కనపడుతుందిలే అనేవాడు.

కంప్యూటర్ ఆయనకు నలభై ఏడో ఏట ఉపేంద్ర నేర్పాడు. ఉపేంద్ర సుబ్బరత్నానికి పిన్ని కొడుకు. ఊరు ఈపూరు. ఐటీఐ చదివి, పనికని వచ్చి, ఎనిమిదేళ్లు వాళ్ల ఇంట్లోనే ఉన్నాడు. సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొనిపించింది అతనే. బ్రహ్మానందం తెర మీద కనపడేచోట తప్ప ఇంకెక్కడా ఫైలు పెట్టేవాడు కాదు. లోపల ఇంకా అరలున్నాయని ఉపేంద్ర ఎన్నిసార్లు చూపించినా, కళ్ల ముందు ఉంటేనే ఉన్నట్టు అనేవాడు. నెమలిని ఇద్దరూ కలిసి గీశారు. ముడుచుకున్న తోక, ఎడమవైపు నుంచి ఒక్కో ఈక విచ్చుకుంటూ వచ్చి ప్రభ నిండిపోతుంది. తర్వాత పైనుంచి వాన. అప్పుడు నెమలి తల తిప్పుతుంది. ఆ తల తిప్పడానికే పద్దెనిమిది రోజులు పట్టింది. ఆర్పిన దీపం కంటి కింద పెట్టారు. దాని సంగతి ఆ ఇద్దరికే తెలుసు.

పోయిన శివరాత్రికి కొండ కింద గుంటపాలెం ప్రభ ఇంకా నిలబెట్టకముందే, దొండవాగు ప్రభ మీద దీపాలు వెలిగాయి. ముడుచుకున్న తోక. ఎడమవైపు నుంచి ఈకలు. వాన. నెమలి తల తిప్పింది. కింద దొండవాగు అని ఊరి పేరు. బ్రహ్మానందం జనంలో నిలబడి చూస్తున్నాడు. ఆయన కళ్లు నెమలి కంటి కిందికి పోయాయి. అక్కడ ఒక్క దీపం వెలగడం లేదు.

గంట తర్వాత గుంటపాలెం నెమలి విచ్చుకుంటే, దొండవాగోళ్లది చూసి ఎక్కించారని జనం నవ్వారు.

మర్నాడు పాలకేంద్రం ముందు కమిటీ కూర్చుంది. నలభై మంది దాకా వచ్చారు. బొమ్మను బ్రహ్మానందమే అమ్ముకున్నాడని కొందరు ముఖం మీదే అన్నారు. కమిటీ పెద్ద నరసింహారావు లేచాడు. పాతికెకరాల ఆసామి, బ్రహ్మానందంతో పదో తరగతి దాకా ఒకే బెంచీ. ఇద్దరూ ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్లు. వీడు అమ్ముకునే రకం కాదు, వీడికి నాది పూచీ అన్నాడు. అని, ఆ లాప్‌టాప్ ఇంకెవరు ముట్టుకుంటారురా అని నెమ్మదిగా అడిగాడు.

బ్రహ్మానందం అప్పుడు దీపం సంగతి చెప్పాడు. అమ్మ చెప్పొద్దన్న మాట మొదటిసారి నలుగురిలో చెప్పాడు. ఆ ఆరిన దీపం దొండవాగు నెమలికి కూడా ఉందనీ, అది ఎక్కడుందో తనకూ ఉపేంద్రకూ తప్ప మూడో మనిషికి తెలియదనీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆయనకే అది రుజువులా తోచింది. గోడ వారన నిలబడ్డ ఉపేంద్ర వైపు తిరిగాడు.

“ఎనిమిదేళ్లు నా పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టా గదరా. ఎంతకిచ్చావో అదన్నా చెప్పు.”

ఉపేంద్ర కాసేపు ఆయన్నే చూశాడు. ఆ సాయంత్రం బస్సుకే బట్టలు సర్దుకుని వెళ్లిపోయాడు. చిలకలూరిపేటలో ఒక స్పిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేరాడని తర్వాత తెలిసింది. సుబ్బరత్నం తమ్ముడి పేరు ఇంట్లో ఎత్తడం మానేసింది.

ఆ ఏడంతా బ్రహ్మానందానికి నలుగురిలో తల ఎత్తుకునే వీలిచ్చింది నరసింహారావు పూచీ ఒక్కటే. మే నెలలో ఆయన కూతురు పూజ పెళ్లికి బ్రహ్మానందం మూడు రోజులు కష్టపడి, ఇల్లు, వీధి, పందిరి అంతా లైటింగ్ కట్టి, పైసా తీసుకోలేదు. పెళ్లికొడుకు తండ్రి, దొండవాగు గోపాలరావు, మీ పనితనం చానా బాగుందని భుజం తట్టి మరీ చెప్పాడు. ఈ ఏడు ప్రభను మళ్లీ ఆయనకే ఇవ్వాలని కమిటీలో పట్టుబట్టిందీ నరసింహారావే.

మీరా సాహెబ్ లాప్‌టాప్ పొట్ట తెరిచి, అరచేతిలో సగం ఉన్న డిస్కును బయటికి లాగాడు. డెస్క్‌టాప్ పక్క రేకు తీశాడు. దాంట్లో అప్పటికే ఒక పెద్ద డిస్కు ఉంది.

“సైజులే తేడా అన్నా. మూతి రెండింటికీ ఒకటే. పెద్దదానికొచ్చే కేబుళ్లే దీనికీ వస్తాయి,” అన్నాడు.

కేబుళ్లు సరిపోయాయి గాని డిస్కు గూట్లో నిలవలేదు. పెద్దవాటి కోసం చేసిన గూడు, చిన్నది జారిపోతోంది. బ్రహ్మానందం సీరియల్ బల్బుల సెట్ల అట్టపెట్టె ఒకటి తెచ్చి కత్తిరించి ఇచ్చాడు. మీరా సాహెబ్ దాన్ని కింద పరిచి, రెండువైపులా అంటుకునే టేపుతో డిస్కును అతికించాడు. స్విచ్ వేశాడు. కంప్యూటర్ మామూలు కన్నా ఆలస్యంగా లేచింది. కొత్తగా ఇంకో డ్రైవు కనిపించింది. దాన్ని తెరిచి బ్రహ్మానందం పేరున్న ఫోల్డర్ నొక్కితే, దీన్ని చూడటానికి మీకు అనుమతి లేదని తెర మీద వచ్చింది.

“నా పేరేగా అది.”

“ఆ మిషనుకి మీరు తెలుసు. ఈ మిషనుకి తెలియదు. అంతే. ఒకసారి ఒప్పుకుంటే తీస్తుంది.”

అది ఒప్పుకోవడానికి పావుగంట పట్టింది. తీరా తెరుచుకున్నాక బ్రహ్మానందానికి ఏమీ అర్థం కాలేదు. ఆయన ఎరిగిన తెర, దాని మీద ఎడమవైపు వరసగా ఉండే బొమ్మలు లేవు. ఫోల్డర్లు, వాటిలో ఫోల్డర్లు. పాత తెర ఇందులో ఎక్కడో ఒక మూల ఉంటుందని మీరా సాహెబ్ అన్నాడు. వెతకడమెందుకని, ఆ లైటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లన్నీ తేదీల వారీగా చూపించమని కంప్యూటర్‌కే చెప్పాడు.

నలభై చిల్లర ఫైళ్లు వచ్చాయి. అన్నిటికన్నా కొత్తవి పైన ఉన్నాయి. నెమలి రెండుసార్లు ఉంది.

మీరా సాహెబ్ డిస్కులోనే ఉన్న సాఫ్ట్‌వేర్‌ను డెస్క్‌టాప్‌లోకి ఎక్కించాడు. మొదటి నెమలి తెరిచాడు. తోక విచ్చుకుంది, వాన కురిసింది, కింద గుంటపాలెం అని వెలిగింది. బ్రహ్మానందం ఏడాది తర్వాత దాన్ని చూశాడు. పనిలో ఎక్కడా తొందరపాటు లేదని అనిపించింది. రెండోది తెరిచాడు. తోక విచ్చుకుంది. వాన కురిసింది. కింద దొండవాగు అని వెలిగింది.

“ఇది మీరు చేసిందేనా అన్నా?”

“ఎక్కడుందది?”

“డాక్యుమెంట్స్‌లో. ఎక్కడ పెట్టాలో మనం చెప్పకపోతే అదే తీసుకుపోయి అక్కడ పెట్టుకుంటుంది. ఈ లాప్‌టాప్‌లోనే పేరు మార్చి సేవ్ చేశారు.” మీరా సాహెబ్ తెర మీదికి వంగాడు. “పోయినేడు ఫిబ్రవరి నాలుగు. మంగళవారం. పొద్దున పది గంటల యాభై రెండు నిమిషాలకి.”

గోడకు కొత్త క్యాలెండర్ తగిలించి ఉంది. దాని వెనక పాతది ఇంకా తీయలేదు. సుబ్బరత్నం టీ గ్లాసులు కింద పెట్టి, పాతదాన్ని పైకి తీసి, ఫిబ్రవరి చూసింది. నాలుగో తారీకు గడిలో చిన్న అక్షరాలతో రథసప్తమి అని ఉంది.

రథసప్తమి అనగానే బ్రహ్మానందానికి ఆ రోజు మొత్తం గుర్తొచ్చింది. ఉపేంద్రా తనూ తెల్లవారుజాము బస్సుకు విజయవాడ వెళ్లారు. పిక్సెల్ లైట్లు పెట్టెల్లో సర్దించుకుని, దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చారు. పది గంటల యాభై రెండు నిమిషాలకు ఉపేంద్ర తన పక్కన, షాపు కౌంటరు ముందు, లైట్లు ఒక్కొక్కటే వెలిగించి చూస్తున్నాడు.

“ఆ పొద్దున మనింటికి ఎవరొచ్చారు?” అని భార్యను అడిగాడు.

సుబ్బరత్నం ఆలోచించలేదు. వాకిట్లో పిడకల మీద పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో పెట్టింది. ఆ రోజు ఎవరికి పెట్టిందో ఆమెకు గుర్తుంది.

“నరసింహారావు అన్నయ్య. కొడుకు చైతన్యని తీసుకొచ్చాడు. కమిటీకి ఒకసారి చూపించాలి, నువ్వు ఫోన్లో సరేనన్నావు అన్నాడు. చైతన్యే తెరిచాడు లాప్‌టాప్‌ని. అరగంట కూర్చున్నారు. రెండు ఆకులు పెట్టా ఇద్దరికీ.” ఆమె పాత క్యాలెండర్‌ను వదిలేసింది. “ఆ సాయంత్రం చెప్పా గదా నీకు.”

చెప్పింది. అది కూడా ఆయనకు గుర్తొచ్చింది. పెట్టెలు దించుతూ, మనవాడేగా అన్నాడు.

మీరా సాహెబ్ రేకు బిగించాడు. లాప్‌టాప్ స్క్రూలు మూతలోనే మిగిలాయి. ఆ రెండో ఫైలు తీసేయమంటారా అని అడిగితే బ్రహ్మానందం ఉండనీ అన్నాడు.

మర్నాడు పొద్దున నరసింహారావు మిర్చి కళ్లంలో ఉన్నాడు. మొదటి కోత కాయ ఆరబోసి ఉంది. రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్లు ఆ చివర ఉన్నారు. ఈ చివర పరిచిన పట్టా మీద కూర్చున్న నరసింహారావు, రారా, నెమలి దొరికిందంటగా అని పలకరించాడు.

“రెండు దొరికాయి,” అన్నాడు బ్రహ్మానందం. “రథసప్తమి నాడు నువ్వు తీసుకుపోయింది కూడా.”

నరసింహారావు కాదనలేదు. కూర్చోమని పట్టా మీద చోటు చూపించాడు. బ్రహ్మానందం నిలబడే ఉన్నాడు. నరసింహారావు కాయల్లో చేయి పెట్టి అటూ ఇటూ కలుపుతూ, ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. పూజ సంబంధం అప్పుడు మాటల్లో ఉంది. దొండవాగు ప్రభకు గోపాలరావే పెద్ద. మీదేదో నెమలంటగా, మాకు చూపించవా అని నవ్వుతూ అడిగాడు. మొదట నరసింహారావు నవ్వులాట అనుకున్నాడు. రెండోసారి గోపాలరావు నవ్వకుండా అడిగాడు. కాబోయే వియ్యంకుడు ఒక్కటి అడిగితే కాదంటే ఏం బాగుంటుంది. ఎటూ రెండు ఊళ్లూ ఒకటి కాబోతున్నాయి గదా. డబ్బు ముట్టుకున్నదేం లేదు. మనకన్నా ముందు వెలిగిస్తారని మాత్రం అనుకోలేదు.

“దీపాలే గదరా,” అన్నాడు చివరికి.

“ఉపేంద్ర సంగతేంది మరి?”

నరసింహారావు చేయి ఆగింది.

“ఎవడో ఒకడి మీద పడాలి గదా. నీ మీద పడనిచ్చానా నేను? వాడు ఈపూరోడు. పోయేవాడు పోతాడు. నువ్వు ఊళ్లో ఉండాల్సినోడివి.” తలెత్తకుండానే అన్నాడు. “అయినా ఆ దీపం సంగతి ఎత్తింది నువ్వు. నేను గాదు. అట్టాంటిదొకటుందని నాకు ఆ రోజు దాకా తెలియదు.”

బ్రహ్మానందం చెప్పులు వేసుకుని కళ్లం దాటాడు. ఏడాదిగా ఆయన ఈ మనిషి పట్ల కృతజ్ఞతతో ఉన్నాడు. పూజ పెళ్లిలో వీధి మొదట్లో స్వాగతం తోరణం మీద రెండు చిన్న నెమళ్లు కట్టాడు. ఎవరూ అడగలేదు. తానే, ముచ్చటకొద్దీ కట్టాడు. గోపాలరావు భుజం తట్టింది వాటి కిందే.

ఆ మధ్యాహ్నమే చిలకలూరిపేట వెళ్లాడు. మిల్లు గేటు దగ్గర పేరు చెబితే లోపలికి కబురు పంపారు. ఉపేంద్ర వచ్చేసరికి చాలాసేపయింది. తల మీదా కనుబొమల మీదా దూది నూగు అంటుకుని ఉంది. బావ చేతిలో అక్క పంపిన సంచీ ఏమీ లేకపోవడం చూసి, అక్క బాగుందా అని అడిగాడు. గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చున్నారు.

బ్రహ్మానందం దారంతా అనుకున్న వరసలో చెప్పాడు. డిస్కు, రెండు ఫైళ్లు, తేదీ, చిక్కుడాకులు, కళ్లం. ఉపేంద్ర టీ తాగుతూ విన్నాడు. ఎక్కడా ఆశ్చర్యపోలేదు. చైతన్య పేరు దగ్గర ఒకసారి తలూపాడు. ఆ కుర్రాడికి ఆ సాఫ్ట్‌వేర్ తానే చూపించాడు, నేర్చుకుంటానంటే.

“నాకు తెలియక అన్నానురా,” అన్నాడు బ్రహ్మానందం. “ఆ దీపం చూసేసరికి నాకింకేం తోచలా. మనిద్దరికే గదా తెలిసింది.”

ఉపేంద్ర గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“ఇద్దరికే తెలుసు. అందుకే గదా బావా. తెలిసినోడెవడన్నా దాన్ని అట్టాగే వదిలేస్తాడా? నేనే తీసుకుపోయుంటే ముందు ఆ దీపం వెలిగించేవాణ్ణి.”

రోడ్డు మీద దూది బేళ్ల లారీ ఒకటి మిల్లులోకి తిరుగుతోంది. అది తిరిగి, గేటు దాటేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

“ఇంటికి పోయి కూర్చుంటే నీకే తడుతుందనుకున్నా,” అన్నాడు ఉపేంద్ర. “ఒక వారం చూశా. రోలర్ మీద రేకు ఒక్క నూలు తేడా వస్తే చీకట్లో కనిపెట్టేవాడివి. ఇది కనిపెట్టలేవా అనుకున్నా. తర్వాత చూడ్డం మానేశా.”

ఇంటికి రమ్మని బ్రహ్మానందం అడిగాడు. ప్రభ ఇద్దరం కలిసి కడదామన్నాడు. ఉపేంద్ర లేచాడు. లోపల మోటారు విప్పి పెట్టి వచ్చానన్నాడు.

“నలభై మందిలో అన్నావు బావా ఆ మాట. ఇప్పుడు ఒక్కడివే వచ్చావు.”

టీ డబ్బులు తానే ఇచ్చి గేటు లోపలికి వెళ్లాడు.

ఆ ఆదివారం మళ్లీ రథసప్తమి. సుబ్బరత్నం పాలు పొంగించింది గాని వాకిట్లోకి ఎవరినీ పిలవలేదు. పది గంటలకు కమిటీ పాలకేంద్రం ముందు కూర్చుంటుందని తెలిసి, బ్రహ్మానందం డెస్క్‌టాప్‌ను, మానిటర్‌ను దుప్పట్లో చుట్టి ఆటోలో పెట్టాడు. సుబ్బరత్నం తానూ వస్తానని ఎక్కి, మానిటర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పాలకేంద్రం అరుగు మీద వైర్లు కలుపుతుంటే, ట్రయల్ వేసి చూపిస్తాడనుకుని అందరూ దగ్గరికి జరిగారు. నరసింహారావు కుర్చీలోంచి కదల్లేదు. బ్రహ్మానందం మొదటి నెమలిని నడిపాడు. బాగుందన్నారు. రెండోదాన్ని నడిపాడు. కింద దొండవాగు అని వెలిగింది. తేదీ చూపించాడు, టైము చూపించాడు. ఆ టైముకు తనూ ఉపేంద్రా ఎక్కడున్నారో, తన ఇంట్లో ఎవరున్నారో, ఎందుకొచ్చారో చెప్పాడు. నరసింహారావు నిన్నమొన్న కళ్లంలో తనతో అన్న మాటలు కూడా చెప్పాడు. గొంతు పెంచలేదు. ఉపేంద్ర తీయలేదని రెండుసార్లు చెప్పాడు.

కొందరు నరసింహారావు వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. ఆయన నేలకేసి చూస్తున్నాడు. కొందరి ముఖాల్లో బ్రహ్మానందం వెతికిన ఆశ్చర్యం దొరకలేదు. వాళ్లకు ఇది కొత్త సంగతి కాదని ఆయనకు అప్పుడు అర్థమైంది. పెళ్లప్పుడే కొంతమందికి తెలిసినట్టుంది. రెండు ఊళ్లవాళ్లూ కలిసి తిన్న పెళ్లిలో ఈ మాట రాకుండా ఎట్లా ఉంటుంది.

అందరిలో పెద్దవాడు రాఘవయ్య గొంతు సవరించుకున్నాడు.

“పోయినేటి సంగతిరా అది. పిల్లనిచ్చుకున్నాం, రాకపోకలు జరుగుతున్నాయి. ఇప్పుడెత్తితే ఎవరికి బాగుంటది? ఇంకా మూడు వారాలే ఉంది. నెమలి ఎక్కిస్తావా లేదా, అది చెప్పు.”

“దొండవాగోళ్లు ఈసారి నంది బొమ్మ చేయిస్తున్నారంట,” అని వెనక ఎవరో అన్నారు. “మన నెమలి మనకే మిగిలింది పో.” ఇద్దరు ముగ్గురు నవ్వారు. మాట తేలికైనందుకు నవ్వినట్టుంది.

“ఉపేంద్ర తీయలేదు,” అన్నాడు బ్రహ్మానందం. “ఆ రోజు విన్న మీరందరూ ఇది కూడా వినాలని చెప్పా.”

“విన్నాంలే,” అన్నాడు రాఘవయ్య.

సుబ్బరత్నం లేచి మానిటర్ మీద దుప్పటి కప్పింది. బ్రహ్మానందం ప్లగ్గు తీసి, వైరు మోచేతికి చుట్టుకుంటూ, ఈ ఏడు తాను కట్టడం లేదని చెప్పాడు. ఎవరూ బతిమాలలేదు. ఆటో తిరుగుతుండగా, గుంటూరులో ఎవరో ఉన్నారంట, ఫోన్ చేసి కనుక్కోండి అన్న మాట వినపడింది.

ఇంటికెళ్లి ఆయన డెస్క్‌టాప్ పక్క రేకు తానే విప్పాడు. మీరా సాహెబ్ చేసింది చూశాడు గనక కష్టమేమీ కాలేదు. రెండు కేబుళ్లు పీకి, టేపును చాకుతో మెల్లగా లేపి, డిస్కును బయటికి తీశాడు. అట్ట అలాగే లోపల ఉంది. డిస్కును పాత బనీను గుడ్డలో చుట్టి, సీరియల్ సెట్ డబ్బాలో పెట్టి, మిల్లు అడ్రసు రాసి, నరసరావుపేట బస్టాండులో పార్శిలు వేశాడు. లోపల ఉత్తరం పెట్టాలా వద్దా అని కౌంటరు దగ్గర కాసేపు నిలబడ్డాడు. పెట్టలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఫోనొచ్చింది. సుబ్బరత్నం ఎత్తి, తమ్ముడి గొంతు విని, భర్తకిచ్చింది. అవతల మిల్లు రొద వినపడుతోంది.

“డిస్కు అందింది,” అన్నాడు ఉపేంద్ర.

“అందులో నెమలి ఉంది. నీ చేతి పని కూడా గదా. నీ దగ్గరుంటే బాగుంటుందని.”

“దీన్ని పెట్టడానికి నా దగ్గర కంప్యూటర్ లేదు బావా,” అని ఉపేంద్ర ఫోన్ పెట్టేశాడు.